హారంలో దొరికిన గట్టు: ప్రోటాన్ తాకిడుల్లో రెండు కణాల సహసంబంధంపై ఒక కేస్ స్టడీ

ప్రోటాన్లు ప్రోటాన్లను ఢీకొన్న డేటాను విశ్లేషిస్తుండగా, కణాల జతల పటం మీద ఏమీ ఉండకూడని చోట, అర శాతం ఎత్తుతో పొడవుగా సాగే ఒక గట్టు మాకు కనిపించింది. అది మొదట ఎందుకు నమ్మదగినదిగా అనిపించింది, ఏ పరీక్షల్లో నిలబడింది, ఏ పరీక్షలో కూలింది, దాని మూలం చివరికి ఎక్కడ తేలింది అన్నదే ఈ కేసు. ప్రయోగం పేరు ఇక్కడ అవసరం లేదు. పొరపాటు విశ్లేషణలో జరిగింది, ఆ విశ్లేషణ ప్రోగ్రాము రాసినవాళ్లలో నేనూ ఒకడిని.

కొలిచే పద్ధతి

డిటెక్టర్‌లో నమోదైన ఒక ఆవేశిత కణం ఏ దిశలో వెళ్లిందో చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు. పుంజం చుట్టూ తిరిగే కోణాన్ని ఫై అంటాం. పుంజం వైపు ఎంత వాలి ఉందో చెప్పేదాన్ని ఈటా అంటాం. పుంజానికి లంబంగా వెళ్లే కణానికి ఈటా సున్నా. పుంజంతో సుమారు 10.4 డిగ్రీల కోణం చేస్తూ వెళ్లేదానికి 2.4. ఒక ఘటనలోని, అంటే ఒక తాకిడి నమోదులోని, కణాలను జతలు జతలుగా తీసుకుని, ప్రతి జతకూ ఈటా తేడా, ఫై తేడా లెక్కగట్టి, ఆ రెండింటినీ నిలువు, అడ్డ గీతలుగా పెట్టుకున్న పటం మీద పోగు చేస్తే సహసంబంధానికి లవం సిద్ధమవుతుంది.

లవాన్ని ఒంటరిగా చూస్తే అది మనల్ని మోసం చేస్తుంది. కణాలను మైనస్ 2.4 నుంచి ప్లస్ 2.4 వరకే చూడగల డిటెక్టర్‌లో ఈటా తేడా సున్నా ఉన్న జతలు బోలెడు దొరుకుతాయి, 4.8 ఉన్న జతలు దాదాపు దొరకవు. అందువల్ల కణాల మధ్య ఏ సంబంధమూ లేకపోయినా పటం గుడారంలా మధ్యలో ఎత్తుగా, చివరల్లో నేలకు దిగి కనిపిస్తుంది. ఈ గుడారాన్ని తొలగించడానికి ఒక కణాన్ని ఒక ఘటన నుంచి, రెండోదాన్ని వేరొక ఘటన నుంచి తీసుకుని అదే పటాన్ని మళ్లీ వేస్తాం. వేర్వేరు తాకిడుల్లో పుట్టిన ఆ రెండు కణాలకూ భౌతికంగా ఏ చుట్టరికమూ ఉండదు కాబట్టి, ఈ రెండో పటంలో మిగిలేది డిటెక్టర్ ఆకారం మాత్రమే. అదే హారం. లవాన్ని హారంతో భాగించినప్పుడు 1 వస్తే సంబంధం లేదని, 1 కంటే ఎక్కువ వస్తే ఆ దిశల్లో కణాలు జతగా రావడానికి మొగ్గు ఉందని అర్థం.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు తమ శ్రమంతా లవం మీద పెడతారు. ట్రాకుల (డిటెక్టర్‌లో కణాలు వదిలిన జాడల) నాణ్యత, ఆవేశం, అడ్డ ద్రవ్యవేగం (పుంజానికి లంబంగా ఉన్న ద్రవ్యవేగం), అన్నీ లవానికి సంబంధించిన నిర్ణయాలే. హారం ప్రోగ్రాములో ఒక లూప్, నాలుగైదు వరుసల పని. పాత విశ్లేషణ నుంచి నకలు చేసుకుంటే గంటలో అయిపోతుంది. మా కేసులోనూ అలాగే జరిగింది.

భాగించాక సాధారణ ప్రోటాన్ తాకిడుల పటంలో రెండే ఆకారాలు కనిపించాలి. రెండు తేడాలూ సున్నాకు దగ్గరగా ఉన్న మూల దగ్గర ఒక కోసు శిఖరం లేస్తుంది. ఒకే జెట్‌లోని (ఒకే దిశలో గుంపుగా ఎగిరే ధారలోని) కణాలు, ఒకే అల్పాయు కణం విచ్ఛిన్నమై పుట్టిన కణాలు, ఫోటాన్ పదార్థాన్ని తాకి విడిపోయిన ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జతలు, అన్నీ అక్కడే పోగుపడతాయి. ఒకే ఆవేశమున్న పయాన్లు అనే తేలికపాటి కణాలు దగ్గరగా రావడానికి ఇష్టపడతాయని 1960లో గోల్డ్‌హేబర్ దంపతులు, లీ, పైస్ వివరించిన బోస్-ఐన్‌స్టైన్ ప్రభావం కూడా ఆ శిఖరంలోనే ఒక భాగం. సత్యేంద్రనాథ్ బోస్ ఫోటాన్ల కోసం చేసిన లెక్క ప్రతిరోజూ మా పటాల మూలలో కనిపిస్తూ ఉంటుంది. ఇక ఫై తేడా 180 డిగ్రీలున్న చోట, ఈటా తేడా పొడవునా ఒక గోడ నిలుస్తుంది. ఎదురెదురుగా వెళ్లే జెట్లు, ద్రవ్యవేగ నిత్యత్వం దానికి కారణాలు. ఈ రెండూ పోగా మిగతా నేలంతా చదునుగా ఉండాలి.

2010లో వచ్చిన గట్టు

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆర్‌హెచ్‌ఐసీ అనే కొలైడర్ 2000లో బంగారు కేంద్రకాలను ఢీకొట్టడం మొదలుపెట్టిన తర్వాత, ఈ చదును నేల మీద మూడో ఆకారం కనిపించింది. ఫై తేడా సున్నా దగ్గర, ఈటా తేడా ఎంత పెరిగినా తగ్గకుండా, పొలం గట్టులా సాగిపోయే ఒక ఎత్తు. ఇంగ్లీషులో దాన్ని రిడ్జ్ అంటారు. గట్టు అనే మాట ఆ ఆకారానికి ఇంకా బాగా అతుకుతుందని నా అభిప్రాయం. సుమారు 7 ఫెమ్టోమీటర్ల వ్యాసార్ధమున్న రెండు బంగారు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు క్వార్కులు, గ్లువాన్లు కలిసిన ద్రవం ఏర్పడుతుంది. తాకిన ప్రాంతం గుండ్రంగా కాక బాదం గింజ ఆకారంలో ఉంటే ఆ ద్రవం ఒక దిశలో ఎక్కువగా, దానికి లంబ దిశలో తక్కువగా ఎగజిమ్ముతుంది. పుంజం పొడవునా అదే ఆకారం కొనసాగుతుంది కాబట్టి ఈటాలో ఎంత దూరంగా ఉన్న కణాలైనా ఒకే ఫై వైపు మొగ్గు చూపుతాయి. బాదం గింజ ఒక్కటే చాలదని, కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్ల స్థానాలు ఘటన ఘటనకూ మారడం వల్ల త్రిభుజాకారం కూడా వస్తుందని 2010లో బురాక్ ఆల్వర్, గుంథర్ రోలాండ్ చూపించాక భారీ అయాన్ల గట్టుకు వివరణ చాలావరకు కుదురుకుంది.

ప్రోటాన్ల విషయం వేరు. ప్రోటాన్ వ్యాసార్ధం ఒక ఫెమ్టోమీటరు కూడా లేదు. అంత చిన్న జాగాలో ద్రవం ఏర్పడి ప్రవహిస్తుందని ఎవరూ ఎదురుచూడలేదు. 2010 మార్చి 30న లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 7 టెరా ఎలక్ట్రాన్ వోల్ట్ల తాకిడులు మొదలయ్యాయి. అక్కడి సీఎంఎస్ ప్రయోగం ఎక్కువ కణాలు పుట్టిన ఘటనలను వదిలిపెట్టకుండా పట్టుకునే ప్రత్యేక ట్రిగ్గర్‌ను (ఏ ఘటనను నమోదు చేయాలో అక్కడికక్కడే నిర్ణయించే ఏర్పాటును) పెట్టి, అదే ఏడాది సెప్టెంబరులో ఫలితాన్ని ప్రకటించింది. 110 లేదా అంతకంటే ఎక్కువ ట్రాకులున్న ఘటనల్లో, 1 నుంచి 3 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల అడ్డ ద్రవ్యవేగమున్న కణాల మధ్య, ఈటా తేడా 2 నుంచి 4.8 దాకా ఫై తేడా సున్నా దగ్గర గట్టు ఉంది. అన్ని ఘటనలనూ కలిపి చూస్తే లేదు. అప్పటి పిథియా వంటి ప్రోటాన్ సిమ్యులేషన్లలో ఎక్కడా లేదు.

ఈటాలో అంత దూరం ఉండటం ఎందుకు ముఖ్యమో కాలం వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. పుంజం దిశలో వేగంగా విడిపోతున్న రెండు కణాలు ఒకదానితో ఒకటి సంబంధం పెట్టుకోవాలంటే, కాంతి వేగాన్ని మించకుండా ఆ సంబంధం ఏర్పడగల చివరి క్షణం, కణాలు ద్రవాన్ని వదిలే కాలాన్ని, సహజ లాగరిథమ్ ఆధారమైన e (సుమారు 2.718) అనే సంఖ్యను ఈటా తేడాలో సగం ఘాతానికి పెంచి, దానితో భాగిస్తే వస్తుంది. ద్రవాన్ని వదిలే ఆ కాలం, కాంతి 10 ఫెమ్టోమీటర్లు నడిచే కాలం అనుకుందాం. ఈటా తేడా 4 అయితే ఆ సంబంధం కాంతి సుమారు 1.35 ఫెమ్టోమీటర్లు నడిచేలోపే, అంటే తాకిడి జరిగిన వెంటనే ఏర్పడి ఉండాలి. ఈటాలో దూరం దాకా సాగే గట్టు తాకిడి తొలి క్షణం గురించి సమాచారం మోసుకొస్తుంది. అందుకే ఈ కొలతకు అంత విలువ, అందులో తప్పు జరిగితే అంత నష్టం.

మా పటం

మాకు గట్టు కనిపించింది ఎక్కువ కణాల ఘటనల్లో కాదు, తక్కువ కణాల ఘటనల్లో. ఎక్కువ కణాల నమూనాలోంచి జెట్ల వాటాను తీసివేయడానికి తక్కువ కణాల నమూనాను ఆధారంగా వాడటం ఈ రంగంలో అలవాటు. ఆ ఆధార నమూనాలోనే గట్టు ఉంటే తీసివేత మొత్తం తారుమారవుతుంది. ఆ రోజు పటం తెచ్చి చూపించిన పరిశోధక విద్యార్థి ముఖంలో సంతోషం స్పష్టంగా కనిపించింది.

"సార్, తక్కువ కణాల్లో కూడా గట్టు వస్తోంది. ఇది కొత్త విషయమే కదా?"

"మిక్సింగ్‌లో రన్ నంబరు చూశావా?"

అని నేను ఆ రోజు అడిగి ఉంటే ఈ కేసు అక్కడే ముగిసేది. మిక్సింగ్ అంటే హారం కోసం వేర్వేరు ఘటనల కణాలను కలపడం, రన్ అంటే ఒక విడత డేటా సేకరణ. నేను అలా అడగలేదు. గణాంకాల బలం సరిపోతుందా అని అడిగాను. అది తప్పు ప్రశ్న అని ఇప్పుడు తెలుసు, కానీ లెక్క మాత్రం చెప్పుకోదగ్గదే.

కణాల ప్రవాహం 6 శాతం అనుకుందాం, అంటే దీర్ఘవృత్త ప్రవాహ గుణకం వీ2 విలువ 0.06. జతల పటంలో కనిపించేది దాని వర్గం, 0.0036. ఫై తేడా సున్నా దగ్గర నేల దాని రెట్టింపు, సుమారు 0.7 శాతం మాత్రమే లేస్తుంది. ఆ 0.0036ను పది శాతం కచ్చితత్వంతో కొలవాలంటే దాదాపు 39 లక్షల జతలు కావాలి. ఎంపిక చేసిన ద్రవ్యవేగంలో ఒక ఘటనకు 20 కణాలున్నాయనుకుంటే 190 జతలు వస్తాయి. ఈటా పరిధి మైనస్ 2.4 నుంచి ప్లస్ 2.4 అయినప్పుడు, ఈటా తేడా 2 కంటే ఎక్కువ ఉండాలంటే వాటిలో మూడో వంతే మిగులుతాయి. లెక్క తేలేసరికి సుమారు 60 వేల ఘటనలు. ఎక్కువ కణాల ఘటనలను 60 వేలు పోగు చేయడానికే ప్రత్యేక ట్రిగ్గర్ కావాలి, తక్కువ కణాల ఘటనలు మాత్రం కోట్లలో ఉంటాయి. మా అర శాతం గట్టుకు గణాంకాల దృష్టిలో ఏ లోటూ లేదు. దోష పట్టీ గీత మందం కంటే చిన్నది. గణాంకాలు ఎంత పుష్కలంగా ఉంటే వ్యవస్థాగత దోషం అంత స్పష్టంగా, అంత అందంగా కనిపిస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. పటం ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం గుర్తుకు రాదు.

మొదట అనుమానించినవి

పైల్-అప్ మీదికి మొదట దృష్టి పోయింది. ఒకే పుంజ కలయికలో రెండు ప్రోటాన్ తాకిడులు జరిగి, రెండింటి కణాలూ ఒకే ఘటనగా నమోదైతే కణాల సంఖ్య కృత్రిమంగా పెరుగుతుంది. కానీ వేర్వేరు తాకిడుల నుంచి వచ్చిన కణాలకు చుట్టరికం లేదు కాబట్టి ఇది సహసంబంధాన్ని పలుచన చేయగలదే గానీ గట్టును పుట్టించలేదు. శీర్షాల (తాకిడి జరిగిన బిందువుల) మధ్య దూరం షరతును బిగించి చూశాం. గట్టు కదలలేదు.

ఒకే కణాన్ని రెండు ట్రాకులుగా లెక్కించే దోషం ఇంకొకటి. అది శిఖరం మూలలో, ఈటా తేడా సున్నా దగ్గరే ఉంటుంది. మేం 2 దాటిన తర్వాతి ప్రాంతాన్ని చూస్తున్నాం. ఫోటాన్ జతలు కూడా అదే కారణంతో తొలగిపోతాయి. ట్రిగ్గర్ వల్ల జెట్ల ఎంపిక వంకర పోయిందా అని చూశాం. తక్కువ కణాల నమూనా ఏ ప్రత్యేక ట్రిగ్గర్ మీదా ఆధారపడలేదు. ఇంతవరకు గట్టు ప్రతి పరీక్షలోనూ నెగ్గింది. ప్రతి నెగ్గుదలతోనూ మా నమ్మకం పెరిగింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఈ పరీక్షలన్నీ లవం మీద చేసినవే.

కూల్చిన మూడు పరీక్షలు

అనుమానం మళ్లీ మొదలైంది ఫోరియర్ గుణకాలు వేసినప్పుడు, అంటే ఫై తేడా ఆకారాన్ని కొసైన్ అలలుగా విడదీసినప్పుడు. ఎదురు గోడ వాటాను పక్కనపెట్టి, గట్టులోని అదనపు భాగాన్ని మాత్రమే విడదీశాం. నిజమైన ప్రవాహంలో దీర్ఘవృత్త భాగం పెద్దది, త్రిభుజ భాగం దానికంటే చిన్నది, చతుర్భుజ భాగం ఇంకా చిన్నది. మాకు వీ2, వీ3, వీ4 మూడూ సుమారు 1.6, 1.6, 1.5 శాతాలుగా, ఒకే ఇంటి పిల్లల్లా దాదాపు ఒకే ఎత్తున నిలబడ్డాయి. ఒక ఇరుకైన మొనను ఫోరియర్ విశ్లేషణ చేస్తే ఇలాగే వస్తుంది. ప్రవాహానికి కొసైన్ ఆకారపు మెత్తని వంపు ఉంటుంది, మా గట్టుకు త్రిభుజపు పైకప్పు ఉంది. ఫై తేడా ప్లస్ మైనస్ 20 డిగ్రీల దగ్గర అది కోసినట్టు నేలకు దిగింది. 20 అనే సంఖ్య అప్పుడే మాకు ఏదో చెప్పి ఉండాలి.

రెండోది కణాల సంఖ్య. నిజమైన గట్టు ఘటనలో కణాలు పెరిగేకొద్దీ బలపడుతుంది. సీఎంఎస్ 2010లో చూపించింది అదే. మాది 10 ట్రాకుల దగ్గర ఎంత ఎత్తుందో 60 ట్రాకుల దగ్గర అంతే ఎత్తుంది. అన్నింటికీ సమానంగా వర్తించే భౌతిక కారణాన్ని ఊహించడం కష్టం. అన్నింటికీ సమానంగా వర్తించే పరికర కారణాన్ని ఊహించడం చాలా తేలిక.

మూడో పరీక్ష నిజంగా తేల్చింది. జతలను ఒకే ఆవేశం ఉన్నవి, వ్యతిరేక ఆవేశం ఉన్నవి అని విడదీశాం. ప్రవాహానికి ఆవేశంతో పెద్దగా పని లేదు, ఈటా తేడా ఎక్కువున్న చోట రెండు గట్లూ ఒకేలా రావాలి. మాకు ఒకే ఆవేశపు జతల్లో కోసు మొన సున్నా మీదే కూర్చుంది. వ్యతిరేక ఆవేశపు జతల్లో అది సున్నాకు రెండు వైపులా జరిగి, తల చదునైన వెడల్పు గుట్టగా మారింది. అయస్కాంత క్షేత్రంలో ధనావేశ కణం ఒక వైపు వంగితే ఋణావేశ కణం రెండో వైపు వంగుతుంది. డిటెక్టర్ లోపలి ఒక రంధ్రం, పుట్టిన చోటి ఫై కోణంలో లెక్కిస్తే, ధనావేశ కణాలకు ఒక వైపు, ఋణావేశ కణాలకు మరో వైపు జరిగి కనిపిస్తుంది. ఉదాహరణకు 1 టెస్లా క్షేత్రంలో, 1 మీటరు వ్యాసార్ధం దగ్గర, 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ కణానికి ఆ జరుగుదల 8.6 డిగ్రీలు, రెండు ఆవేశాల మధ్య మొత్తం 17 డిగ్రీలు. తాకిడిలో పుట్టిన కణాలకు డిటెక్టర్ రంధ్రాలు ఎక్కడున్నాయో తెలియదు. మా గట్టుకు తెలిసింది.

హారంలో ఏం జరిగింది

ట్రాకింగ్ డిటెక్టర్ పుంజం చుట్టూ 18 విభాగాలుగా ఉంది, ఒక్కో విభాగం 20 డిగ్రీలు. డేటా సేకరణ మధ్యలో ఒక విభాగంలో అధిక వోల్టేజీ తగ్గించాల్సి వచ్చింది. దాదాపు సగం రన్లలో ఆ విభాగం తన మీదుగా పోయిన ట్రాకుల్లో 60 శాతాన్ని పోగొట్టుకుంది. రన్ లాగ్‌బుక్‌లో ఆ వోల్టేజీ మార్పు తేదీ, సమయంతో సహా నమోదై ఉంది. ఎవరూ దాచలేదు, మేం చదవలేదు.

ఇప్పుడు లవం చూద్దాం. ఒకే ఘటనలోని రెండు కణాలు ఒకే రన్‌కు చెందినవి. విభాగం బలహీనంగా ఉన్న రన్లలో రెండు కణాలూ ఒకే బలహీన విభాగాన్ని ఎదుర్కొంటాయి. ఫై తేడా సున్నా ఉన్న జత ఆ రంధ్రంలో పడితే ఒక్కసారే నష్టపోతుంది. ఫై తేడా ఎక్కువున్న జతకు రెండు కణాల్లో ఏది అందులో పడినా నష్టమే. అందువల్ల రంధ్రమున్న డిటెక్టర్‌లో ఫై తేడా సున్నా జతలు మిగతావాటి కంటే కొద్దిగా ఎక్కువ మిగులుతాయి. ఇది సహజం. హారం కూడా అదే రన్‌లోని ఘటనలను కలిపి తయారైతే అక్కడా అదే ఎత్తు ఉంటుంది, భాగించినప్పుడు పోతుంది.

మా హారం అన్ని రన్లనూ కలిపేసింది. బలహీన రన్‌లోని కణాన్ని మంచి రన్‌లోని కణంతో జత చేసింది. ఆ జతకు రెండు వేర్వేరు డిటెక్టర్లు ఉన్నట్టే, ఒకదాని రంధ్రం రెండోదానికి వర్తించదు. విభాగం వాటా 18లో ఒకటి, నష్టం 60 శాతం, సగం రన్లు అని పెట్టి చేతితో లెక్కిస్తే లవంలో నేల మీద 0.01 ఎత్తు వస్తుంది, హారంలో 0.005. నేల రెండింటిలోనూ 0.967. భాగిస్తే 1.005. మా పటంలో కనిపించిన అర శాతం అదే. నిజమైన 6 శాతం ప్రవాహం ఇచ్చే 0.7 శాతంతో దాదాపు సమానమైన ఎత్తు, ఎక్కడా భౌతికశాస్త్రం లేకుండా. విభాగం పుంజం పొడవునా ఉంటుంది కాబట్టి ఈ ఎత్తు ఈటా తేడా పొడవునా సాగుతుంది. గట్టు ఆకారానికి కావలసిందంతా ఇందులో ఉంది.

చేతి లెక్కను నమ్మక, ఏ సంబంధమూ లేని కణాలను యాదృచ్ఛికంగా విసిరే ఒక చిన్న బొమ్మ సిమ్యులేషన్ రాశాం. అదే రంధ్రం, అదే సగం రన్లు. పటం మా డేటా పటం మీద పెడితే గీతకు గీత సరిపోయింది. హారంలో మిక్సింగ్‌ను ఒకే రన్‌కు, పుంజ దిశలో 2 సెంటీమీటర్లలోపు శీర్షమున్న ఘటనలకు పరిమితం చేశాక, తక్కువ కణాల నమూనాలో గట్టు మాయమైంది. ఇంకొక విధంగానూ చూశాం: పాత మిక్సింగే ఉంచి, ఆ ఒక్క విభాగంలోని కణాలన్నింటినీ లవం, హారం రెండింటిలోనూ తీసేశాం. అప్పుడూ మాయమైంది. రెండు దారులూ ఒకే చోటికి చేరినప్పుడు గానీ విద్యార్థి తన పటాన్ని వదులుకోలేదు. అతని పట్టుదల నాకు నచ్చింది, నేను అంతకంటే ముందే వదిలేశాను.

అసలు గట్టును అదే కొలతతో చూస్తే

ఈ అనుభవం తర్వాత 2010 ఫలితాన్ని మళ్లీ చదివినప్పుడు, దాన్ని నమ్మించేది దాని ఎత్తు కంటే దాని ప్రవర్తన అని స్పష్టమైంది. అది కణాల సంఖ్యతో పెరుగుతుంది. 1 నుంచి 3 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల మధ్య బలంగా ఉండి, ఆ పైన తగ్గుతుంది. డిటెక్టర్ విభాగం ఎవరికీ ఇలా ద్రవ్యవేగాన్ని చూసి మర్యాద ఇవ్వదు. తక్కువ కణాల నమూనాకూ, ఎక్కువ కణాల నమూనాకూ డిటెక్టర్ ఒకటే, ఒకదానిలో లేనిది రెండోదానిలో ఉంటే కారణం తాకిడిలోనే వెతకాలి.

తర్వాతి ఏళ్లలో వచ్చిన సాక్ష్యం ఇంకా గట్టిది. 2012 సెప్టెంబరులో కొద్ది గంటలపాటు జరిగిన ప్రోటాన్-సీసం ప్రయోగాత్మక తాకిడుల్లో, 5.02 టెరా ఎలక్ట్రాన్ వోల్ట్ల వద్ద, సీఎంఎస్ అదే గట్టును మరింత ఎత్తుగా చూసింది. అదే కొలైడర్‌లోని ఆలిస్, అట్లాస్ ప్రయోగాలు తక్కువ కణాల ఘటనలను తీసివేసినప్పుడు ఎదురువైపు కూడా జంట గట్టు ఉందని చూపించాయి. జంట గట్టు అంటే దీర్ఘవృత్తం. మూడు వేర్వేరు డిటెక్టర్లు, మూడు వేర్వేరు రంధ్రాల అమరికలు.

ఆ తర్వాత జతలను దాటి నాలుగు, ఆరు కణాలను ఒకేసారి తీసుకునే కొలతలు వచ్చాయి. నాలుగు కణాల సగటు నుంచి, రెండు కణాల సగటు వర్గానికి రెట్టింపు తీసివేస్తే మిగిలేది, జెట్ల వంటి కొద్దిమంది చుట్టాల ప్రభావం నుంచి చాలావరకు విడుదలైన సంఖ్య. ఘటనలోని కణాలన్నీ కలిసి ప్రవహిస్తే ఆ సంఖ్య ఋణాత్మకంగా, వీ2 నాలుగో ఘాతానికి సమానంగా రావాలి. వీ2 విలువ 0.06 అయితే అది మైనస్ 0.000013. ఇంత చిన్న సంఖ్యకు గుర్తు తేల్చడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ప్రోటాన్-ప్రోటాన్ తాకిడుల్లో నాలుగు కణాలు, ఆరు కణాలు ఇచ్చిన వీ2 విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయని సీఎంఎస్ 2017లో ప్రచురించింది. ఇక్కడ మా కేసు నేర్పిన జాగ్రత్త ఒకటి: ఎక్కువ కణాలు తీసుకుంటే డిటెక్టర్ రంధ్రాల నుంచి రక్షణ దొరుకుతుందని అనుకోకూడదు. మా బొమ్మ సిమ్యులేషన్‌ను నాలుగు కణాలకు నడిపితే, సవరణ లేని లెక్క అక్కడా తప్పుడు సంఖ్యనే ఇచ్చింది. రంధ్రం ఎన్ని కణాలకైనా రంధ్రమే.

వ్యతిరేక దిశలో వెతికినవాళ్ల పని నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. ఆలెఫ్ ప్రయోగం 1990లలో 91 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల వద్ద సేకరించి భద్రపరచిన ఎలక్ట్రాన్-పాజిట్రాన్ డేటాను తీసి, అందులో గట్టు లేదని 2019లో ఒక బృందం చూపించింది. గట్టు వస్తే ఎక్కడైనా వస్తుందేమో అన్న అనుమానానికి అది సమాధానం. ఇక బ్రూక్‌హేవెన్‌లో ఫీనిక్స్ ప్రయోగం ప్రోటాన్, డ్యూటెరాన్, హీలియం-3 కేంద్రకాలను విడివిడిగా బంగారం మీదికి వదిలి, దీర్ఘవృత్త, త్రిభుజ ప్రవాహాలు ఆ కేంద్రకాల ఆకారాన్ని అనుసరిస్తాయని నివేదించింది. మూడు కణాల హీలియం-3 త్రిభుజాన్ని ఎక్కువగా ఇవ్వడం ద్రవ సిద్ధాంతం చెప్పినట్టే ఉంది. అయితే అక్కడే ఉన్న స్టార్ ప్రయోగం తర్వాత కొలిచినప్పుడు త్రిభుజ ప్రవాహం మూడు వ్యవస్థల్లోనూ దాదాపు ఒకేలా వచ్చింది. రెండు ప్రయోగాలూ ఈటాలో చూసే ప్రాంతాలు వేరు. ఈటా తేడా ఎంత పెట్టాలి, ఆధార నమూనా ఏది వాడాలి అన్న ప్రశ్నలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. ద్రవమా, లేక ఢీకొనకముందే ప్రోటాన్‌లోని గ్లువాన్ల మధ్య ఉన్న సంబంధమా అన్న వాదంలో నేను ద్రవం వైపే ఎక్కువ మొగ్గుతాను. అయినా పది, ఇరవై కణాలు మాత్రమే ఉన్న ఘటనల విషయంలో ఆ మాటను గట్టిగా అనడానికి నాకు ధైర్యం చాలదు.

మా ప్రోగ్రాములో ఇప్పుడు మిక్సింగ్ లూప్ ముందు ఒక షరతు ఉంది: రెండు ఘటనల రన్ నంబరు వేరైతే జతను వదిలేయాలి. దానికి ముందు ప్రతి విభాగం ట్రాకుల సంఖ్యను రన్ వారీగా గీసే ఒక చిన్న పటం వస్తుంది. ఆ పటంలో ఒక గీత ఉన్నట్టుండి కిందికి దిగితే, సహసంబంధం వేయకముందే పని ఆగుతుంది. ఆ షరతు రాసింది ఆ విద్యార్థే. దాని పక్కన వ్యాఖ్యగా అతను ఆ పాత గట్టు ఎత్తును, 0.005 అని, రాసి పెట్టాడు.